పనిలేని తీగను పీకిన వైనం

మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో, పట్టపగలు, అందరూ చూస్తుండగా, నేను ఒక అమెరికా యంత్రాన్ని దహనం చేశాను. ఎలాగో చెబుతాను. విన్నాక తిట్టాలనిపిస్తే ముందు ఒక తీగను తిట్టండి. తర్వాత మా మేనేజరుగారిని. ఇంకా తిట్లు మిగిలితే నన్ను.

తొంభైల చివరి మాట. చుట్టూ బండలు పగలగొట్టి భవనాలు లేపుతున్నారు. ఏ ఇంజినీరింగ్ చదివినవాళ్ళైనా వచ్చి వాటిలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. మేనేజరు మూర్తిగారిది మెకానికల్. నా పక్క సీటు స్వరూపది సివిల్. నాది ఎలక్ట్రికల్. చేరి నెలలు గడిచినా నా గొంతు ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అమెరికా క్లయింటు పంపిన, బ్యాంకు చెక్కులు అచ్చు వేసే రెండు ప్రింటర్ల మీద మా ప్రోగ్రాము సరిగ్గా నడిస్తే కంపెనీకి పని, నాకు ఉద్యోగం.

ఆ ప్రింటర్లకు మన కరెంటు పడదు. అందుకని మన రెండు వందల ఇరవై వోల్టులను నడిమికి చీల్చి చెరొక నూట పది ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. దాన్నుంచి మూడు తీగలు. ఈ కొస ఒక ప్రింటరుకు, ఆ కొస రెండోదానికి, మధ్య తీగ రెండింటికీ ఉమ్మడి. కొస తీగలు బుద్ధిగా గోడ వెంట వెళ్ళాయి. మధ్యది మాత్రం రోడ్డు మీద గేదెలా దారికి అడ్డంగా పడుకుంది.

మూర్తిగారు దానికి తట్టుకుని కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నారు.

“ఏమ్మా, నువ్వు ఎలక్ట్రికలే కదా? అసలీ తీగ ఇక్కడెందుకేడ్చింది?”

ఎన్నాళ్ళకు నా చదువు ఒకరికి గుర్తొచ్చింది! రెండు ప్రింటర్లూ జోరుగా అచ్చు వేస్తుండగా తీగలో ఎంత కరెంటు పారుతోందో చూపే క్లాంప్ మీటరు తెచ్చి మధ్య తీగకు తగిలించాను. సున్నా.

“ఇందులో కరెంటు పోవడం లేదు సార్.”

“గట్టిగా చెప్పమ్మా.”

“దండగ తీగ సార్!”

“అయితే పీకెయ్.”

“జర ఆగే,” అంది స్వరూప. “పని లేకుంటే గంత లావు తీగ ఎందుకేస్తరు?”

“నీది సివిల్,” అన్నాను. నేను ఒకరికి ఎదురు చెప్పడం అదే మొదలు.

స్విచ్చి ఆపి తీగ పీకాను. మళ్ళీ వేస్తే రెండు ప్రింటర్లూ ఏమీ ఎరగనట్టు అచ్చు వేశాయి. ఆఫీసంతా చప్పట్లు! ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? తప్పు చేసినవాళ్ళకు షాక్ కొట్టాలి గానీ చప్పట్లు కొట్టించడమేమిటి?

భోజనాలయ్యాక మూర్తిగారు, “రేపు క్లయింటు వస్తాడు, ఒక్కొక్కటే నడిపి చూద్దాం,” అని ఎడమ ప్రింటరుకు మాత్రమే పని చెప్పారు. అది వేడెక్కడం మొదలవగానే, ఏ పాపమూ చేయని కుడి ప్రింటరు ఠప్పుమంది. పొగ లేచింది. మరుక్షణం ఎడమదీ ఆగిపోయింది.

“ఏందే గిది? పనిచేసేది ఒకటి, కాలేది ఒకటా?” అంది స్వరూప.

అదే కదా నా మంట! రెండూ సమానంగా లాగుతుంటే మధ్య తీగకు పని ఉండదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగినప్పుడు ఆ తేడాను మోసేది అదే. దాన్ని పీకేస్తే రెండు ప్రింటర్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడి రెండు వందల ఇరవైని పంచుకోవాలి. ఆ పంపకంలో కష్టపడేదానికి తక్కువ వోల్టేజీ, ఖాళీగా కూర్చున్నదానికి ఎక్కువ. మా ఆఫీసులోనూ పంపకం ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ ఖాళీగా కూర్చున్నవాళ్ళెవరూ కాలిపోరు!

ఇదంతా చదివాను, మార్కులూ తెచ్చుకున్నాను. తీగ పీకనేల, పొగ పీల్చనేల!

“పీకెయ్ అన్నది మీరే కదా సార్?”

“దండగ అన్నదెవరమ్మా?”

చప్పట్లు కొట్టినవాళ్ళంతా కంప్యూటర్లలోకి తలలు దూర్చారు.

తీగ మళ్ళీ బిగించాను. దేవుడి దయవల్ల ఎడమ ప్రింటరు బతికింది. కాలినదాని మీద దుప్పటి కప్పి, మర్నాడు ఒక్కదానితోనే ప్రోగ్రాము చూపించాం.

“ఆ దుప్పటి కింద ఏమిటి?” అన్నాడు క్లయింటు.

“రెండోదండీ. విశ్రాంతి తీసుకుంటోంది,” అన్నారు మూర్తిగారు.

పని మాకే వచ్చింది. సాయంత్రం మూర్తిగారు నన్ను గదిలోకి పిలిచారు.

“నీ ఉద్యోగం ఖాయం చేస్తున్నానమ్మా. ఒకటే షరతు. జీవితాంతం సాఫ్ట్‌వేరే రాయాలి. అందులో నువ్వేది పీకినా పొగ రాదు.”

ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరుకు ఇంతకన్నా అవమానం ఉంటుందా? అందుకే అష్టదిక్కుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకపై ఏ మీటరు ఏ తీగలో సున్నా చూపినా, ఆ తీగకు దండం పెట్టి దాటి వెళ్తాను. బోర్లా పడితే పడతాను గానీ పీకను.