రోడ్డు మీద గీసిన వెన్నుపాము

అరికాలు కాలి బొబ్బ లేచినా మా బాపుకు తెలియలేదు. నిన్న జనగామ దవాఖానకు తీసుకుపోతే, డాక్టర్ రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు కదల్లేదు. షుగర్‌తో నరాలు మొద్దుబారాయట. నాకు మాత్రం తెలంగాణ ఉద్యమం నాటి పాలకుర్తి రోడ్డు గుర్తొచ్చింది.

మన పదో తరగతి గ్రూపు దోస్తులూ, యాదికుందా? సమ్మెతో బడి మూతపడితే సైన్స్ సారు ధర్నా టెంటులోనే మనకు పాఠం చెప్పేవారు. ఆ రోజు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు. ఎండకు కాగిన తారు వాసన, కట్టెల పొగ, ఉడుకుతున్న పప్పుచారు. నేను గంజు మూతను ఉత్త చేత్తో పట్టుకుని చటుక్కున వెనక్కి లాక్కున్నాను. ఏడుపు ఇంకా రానేలేదు, అన్నం వారుస్తున్న బాపు ఉరికొచ్చి నా చేయి నీళ్ల బకెట్లో ముంచాడు.

"మంట తెల్సినంక చెయ్యి గుంజుకున్నవా, గుంజుకున్నంక తెల్సిందా?" అని అడిగారు సారు.

"గుంజుకున్నంకనే సార్."

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి తారు మీద వెన్నుపాము గీశారు. "కబురు మెదడు దాక పోకముందే గిది హుకుం ఇస్తది. గిదే ప్రతీకార చర్య, రిఫ్లెక్స్ అంటరు." తర్వాత బాపు వైపు చూసి నవ్వారు. "గీయన మాత్రం ఎవల హుకుం కోసం ఆగలే."

ఈ పొద్దున పరధ్యానంగా పొయ్యి మీది టీ గిన్నెకు ఉత్త చేయి చాచాను. ముట్టకముందే నా మణికట్టు ఎవరో పట్టి గుంజారు.

"కాలుతది బిడ్డా!" అన్నాడు, తన అరికాలు ఎప్పుడు కాలిందో ఇప్పటికీ తెలియని మా బాపు.