క్యాలెండరు వెనక రాసిన సేప

మా కాలనీ ఎలిమెంటరీ స్కూల్లో ఐదు తరగతులకీ ఒక్క మేడమే మిగిలింది. రెండో మేడం బదిలీ అయింది. డబ్బుల్లేవని ఆ పోస్టు మళ్లీ నింపలేదు. సుద్దముక్కలు, అక్షరాల చార్టులు కూడా రావడం మానేశాయి. పైగా ఆఫీసరు తనిఖీకి వస్తాడని, పిల్లలకి చదవడం రావట్లేదని రాశాడంటే మూడు నుంచి ఐదు దాకా తరగతులు హైవే అవతల హైస్కూల్లో కలిపేస్తారని తెలిసింది. మా మనవరాలు మూడో తరగతి. ఆ రోడ్డు మీద బొగ్గు లారీలకి పగలూ రాత్రీ లేదు.

నేను చదివింది రెండో తరగతి వరకే. అయినా వెళ్లి మేడాన్ని అడిగాను.

"పెద్ద తరగతులోల్లకి నువ్వు సెప్పుకో అమ్మా. సిన్నోల్లని నాను సూస్తాను."

"మీకెందుకు మామ్మగారూ శ్రమ?"

"ఇంటికాడ కూకుని గోడలకి సెప్పమంతావేటి అచ్చరాలు?"

మా అల్లుడు పరవాడలో మందుల కంపెనీలో పని చేస్తాడు. అతను ఏటా తెచ్చే క్యాలెండర్లు ఒక్కటీ నేను పారేయలేదు. వాటి వెనక తెల్లవైపు బొమ్మలు గీసి, కింద పేర్లు రాసి, మైదాపిండి ఉడికించి గోడకి అంటించాను. నేను కొనుక్కెళ్లిన సుద్దముక్క విరిచిన వాడికి ఆ రోజు ఇంక సుద్ద లేదు. అల్లరి చేస్తే నిలబెట్టాను. రెండు నెలలు తిరిగేసరికి ఒకటో తరగతి పిల్లలు కూడబలుక్కుని మాటలు చదివేస్తున్నారు.

ఆఫీసరు రానే వచ్చాడు. గోడ మీద చార్టులు చూస్తూ చేప బొమ్మ దగ్గర ఆగాడు. కింద "సేప" అని ఉంది.

"ఇది రాసిందెవరు?"

మేడం తల దించుకుంది. నేనే లేచాను.

"నానే బాబూ. ఏటి తప్పు?"

"చ ఉండాలి కదమ్మా."

నోటితో అన్నట్టే రాసేశాను. నా ఒక్క అక్షరం వల్ల పిల్లలు రోడ్డు దాటాల్సి వస్తుందేమో అనుకున్నాను. అప్పుడు మా మనవరాలు లేచి నిలబడింది.

"సార్, అది మా మామ్మ సేప. బుక్కులోది చేప."

"రెండూ ఒకటేనా?"

"ఒకటే సార్. రాస్తే చ, వండితే స."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత పుస్తకాలు తెరిపించి ఒక్కొక్కరి చేతా చదివించాడు. ఒక్కరూ ఆగలేదు. నా ఒకటో తరగతి వాళ్లయితే అడగని పేజీ కూడా చదివారు. ఈ ఏడాదికి తరగతులు ఇక్కడే ఉంచమని రాస్తానని వెళ్తూ మేడంతో చెప్పాడు. రాశాడు కూడా. రెండో మేడం మాత్రం ఇంకా రాలేదు.

ఆ సాయంత్రం కాలనీ మధ్యలోంచి తల ఎత్తుకుని నడిచాను. దారిలో మనవరాల్ని అడిగాను.

"తప్పని తెలిసీ నాకు సెప్పలేదేటే?"

"తిడతావనీసి."

తిట్టలేదు. మర్నాడు బడికి వెళ్లి, మంచి కాగితం చింపడమెందుకని, చిన్న ముక్క మీద "చే" రాసి "సే" మీద అంటించాను.