ఏది ఖరాబో చూపియ్యి

నా తమ్ముడు పెద్ద కొడప్‌గల్ దగ్గరి ఒక తండాలో బడిపంతులు. ఇద్దరు కొత్తవాళ్లు వచ్చి ఆకలంటే రొట్టె పెట్టాడు. ఆకలన్నవాడిని ముందు పేరడగడం మా వైపు మర్యాద కాదు. వాళ్లు తుపాకులు పట్టిన అడవి మనుషులని తర్వాత పోలీసులు తేల్చారు. బాన్సువాడలో మా ఇంటికి వచ్చిన తమ్ముణ్ణి పట్టపగలే జీపులో వేసుకుని పోయారు. పక్కింటి అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్లంతా చూశారు.

ఠాణాకు పోతే ‘మేమెవర్నీ తేలేదు’ అన్నారు. పట్టుకున్న మనిషిని ఒక్క రోజులోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కాలేజీలో మార్కుల కోసం బట్టీ పెట్టాను ఆ ముక్క.

“తోడబుట్టినదానివి, నీ మాట నడవదమ్మా. చూసినోళ్లు ఒక్కరన్న వచ్చి చెప్పాలె” అన్నాడు వకీలు.

పాపను చంకనేసుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. కోర్టుకొచ్చి చూసింది చెప్పమన్నాను. ఒళ్లో చేటలు. ఎవరి చేతులూ ఆగలేదు.

“గా తుపాకులోళ్లు మనుషులను సంపేటప్పుడు ఏ చట్టం జూసిండ్రు? గిప్పుడు చట్టం గావాల్నా?” అంది పక్కింటి అక్క.

“నా తమ్ముడు ఎవర్ని సంపిండక్కా?”

“గది పోలీసోళ్లకు ఎర్క. ఊకెనే పట్టుకపోతరా?”

“రేపు బావను గిట్లనే పట్టుకపోతే?”

“మీ బావ ఎవరికీ రొట్టె పెట్టడు తల్లీ. ఆయన తిన్నంక మిగిలితే గద!”

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“బీడీ కార్ఖానల గుమాస్తా మీ కట్ట బాగలేదని పక్కకు పారేస్తే ఏమంటరు? ఏ బీడీ ఖరాబుందో చూపియ్యి అని కొట్లాడ్తరు. చూపియ్యంది కదలరు. మనిషిని ఎత్తుకపోతే ఏం ఖరాబు జేసిండో చూపియ్యమని అడగొద్దా?”

నవ్వులు ఆగాయి. అక్క తల ఎత్తకుండా ఆకు కత్తిరిస్తూనే అంది: “గాడ అడిగితే బీడీ పోతది చెల్లె. గీడ అడిగితే ఇంట్ల మనిషి పోతడు.”

ఎవరూ రాలేదు. ఆ వారం చివర తమ్ముణ్ణి కోర్టుకు తెచ్చి, ఆ పొద్దునే పట్టుకున్నామన్నారు. అబద్ధమని అరిచాను. ఇంకెవరైనా చూశారా అని అడిగాడు మేజిస్ట్రేటు. నా వెనక ఖాళీ బెంచీ. తమ్ముణ్ణి జైలుకు పంపారు. కుడికాలు నేలకు ఆనించలేకపోతున్నాడు.

వాడింకా అక్కడే ఉన్నాడు. ఈ సాయంత్రం కార్ఖానా ముందు నుంచి వస్తుంటే అక్క గొంతు వీధి దాకా వినపడింది. “ఏది ఖరాబో చూపియ్యి! చూపియ్యంది నేను కదల!”

ఆ గొంతులో సగం ఆ రోజు కోర్టులో వినిపించినా సరిపోయేది. ఇంటికొచ్చాక పాప పాలు తాగుతూ నిద్రపోయింది. నా పళ్లు బిగుసుకునే ఉన్నాయి.