బంతిపూల కుప్ప మీద మంచుబండి

నా జన్మలో చేసిన బేరాలలో ఇప్పటికీ మీసం మెలేసి చెప్పుకునేది ఒకటుంది. నాకు ఏమాత్రం అక్కర్లేని బండిని, చెప్పిన ధరలో సరిగ్గా సగానికి, అదీ పావుగంటలో కొన్నాను. ఇంత గొప్ప తెలివితక్కువ పని చేయడానికి ఎవరికైనా పుట్టుకతోనే కొంత శిక్షణ ఉండాలి. నాకు ఉంది, దుకాణదారుల ఇంట్లో పుట్టాను కదా.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మేనల్లుడు ఫోనుకు ఒక వీడియో పంపాడు. ముందు చక్రం ఉండాల్సిన చోట పడవ అడుగులాంటి జారుడు పలక, వెనక చక్రం చోట రబ్బరు పట్టా, ఆ బండి మీద ఎవరో తెల్లటి మంచులో దూసుకుపోతున్నాడు. తానూ అలాంటిది చేయించుకుంటాడట, దానికి ముందుగా ఏ బండి కొనాలో మామనైన నేను చెప్పాలట. మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎరగని పాతబస్తీ మనిషిని ఇది అడగడమేమిటని మీరు నవ్వవచ్చు. కానీ ఆ పిల్లవాడి తండ్రి కోసం అలాంటి బండిని చేయించింది నేనే. చేయించింది నేను, చేసింది మాత్రం మా మిస్త్రీ చాచా.

మా బావది టెలిఫోన్ శాఖలో ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలోనే హిమాచల్ కొండల్లో ఒక చిన్న ఊరికి బదిలీ చేశారు. ఊరి నుంచి టవరు దాకా అయిదు కిలోమీటర్ల దారి, చలికాలం వస్తే నడుం లోతు మంచు. మన ఈడువాళ్ళకు ప్రభుత్వోద్యోగమంటే ఎంత పట్టుదలో చెప్పాలా, ఆయన రెండు చలికాలాలు ఆ దారిలో నడిచే వెళ్ళాడు. రెండోసారి మంచుకాటుకు ఎడమ పాదంలో రెండు వేళ్ళు పోయాయి. ఇంకొక చలికాలం ఇలాగే నడిస్తే పాదమే తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఈ మాట అక్క ఎస్టీడీ ఫోనులో ఏడవకుండా చెప్పింది, అందుకే నాకు మరీ భయమేసింది.

అక్కడొక పాడైపోయిన మంచు స్కూటరు తాలూకు రబ్బరు పట్టా, జారుడు పలక బావకు దొరికాయి. వాటిని బిగించడానికి మంచి బండి, తెలిసిన మిస్త్రీ మాత్రం ఆ కొండల్లో దొరకలేదు. పాతబస్తీలో తయారు కాని వస్తువు లేదని నేను ఫోనులో కోతలు కోశాను. సామాను హైదరాబాదుకు ఆపిల్ పండ్లు తెచ్చే లారీలో దిగింది, దాంతోపాటు పాతికవేల రూపాయలూ వచ్చాయి. దసరా దాటిన రెండు వారాలకు ఆఖరి ఆపిల్ లారీ వెనక్కి వెళుతుంది, బండి అందులో ఎక్కకపోతే కనుమదారి మూసుకుపోతుంది. అంటే నాకున్నది నెల రోజులు.

నయాపూల్ అవతల పాత మోటారు సైకిళ్ళు అమ్మే ఒక సేఠ్ దగ్గర, బురద పందేలలో తిరిగిన బండ్లు రెండున్నాయని తెలిసి పొద్దున్నే వెళ్ళాను. ఒకటి రెండు స్ట్రోకులది, తేలిక, ఒక్క తన్నుకు లేచేది, బావ ఫోనులో చెప్పిన లక్షణాలన్నీ ఉన్నది. పక్కనున్నది నాలుగు స్ట్రోకులది, దున్నపోతంత బరువు. మా బాపుకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం, ఆయన చిన్నప్పుడే నేర్పిన విద్య ఒకటుంది: కావాల్సిన సరుకు వైపు కన్నెత్తి చూడకూడదు, దాని పక్క సరుకును బేరమాడి, అమ్మేవాడి ఓపిక తీసి, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ అసలుదాని ధర అడగాలి. నేను తేలిక బండికి వీపు తిప్పి నిలబడి, బరువుదాన్ని గంటసేపైనా బేరమాడదామని మొదలుపెట్టాను. సేఠ్ ముప్పై రెండు వేలన్నాడు. ఎలాగూ ఒప్పుకోడని, పదహారు అన్నాను.

ఆయన బండి సీటు మీద చెయ్యి వేసి, "తీస్కపో భాయ్, బోణీ బేరం, కాదనను" అన్నాడు.

మన బజారు మర్యాద మీకు తెలుసు. మన నోటితో చెప్పిన ధరకు అవతలివాడు ఒప్పుకున్నాక, అందులోనూ బోణీ వేళ, వద్దని వెనుదిరిగితే ఆ దుకాణం ముందు నుంచి మళ్ళీ నడవలేం, మన తండ్రీ నడవలేడు. డబ్బు ఇస్తూ రెండుసార్లు లెక్క తప్పాను, అది సంతోషమేనని సేఠ్ అనుకుని ఉంటాడు. బండిని నయాపూల్ మీదుగా మొఘల్‌పురా దాకా నెట్టుకుంటూ వచ్చాను, తేలిక బండి అయితే ఇంత చెమట పట్టేది కాదని దారి పొడుగునా అనుకుంటూ.

బాపు గడపలో నిలబడి ధర విన్నాడు, కథ విన్నాడు. "బేరం నువ్వే గెలిచినవ్ బిడ్డా. గెలిచి ఇంటికి తెచ్చిందేంది?" అని లోపలికి పోయాడు. ఆ పూటంతా నాకు బావ పాదం గుర్తొస్తూనే ఉంది.

మా గల్లీ చివర రేకుల షెడ్డులో ఉండేవాడు మిస్త్రీ చాచా. సన్నటి మనిషి, కళ్ళద్దాలకు దారం కట్టుకునేవాడు. కూలి పన్నెండు వందలన్నాడు. అలవాటు చొప్పున ఎనిమిది వందలన్నాను. ఆయన "అట్లనే కానీ" అని బండి కింద పడుకున్నాడు, వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప చిమటా బోల్టులు వేలితో తడిమి చూశాడు, ఎందుకంటే రబ్బరు పట్టా మొత్తం ఆ బోల్టుల మీదే వేలాడాలి. తర్వాత లేచి చేతులు తుడుచుకున్నాడు. నేను తప్పు బండి తెచ్చానని ఒప్పుకున్నాను.

"ఫికర్ చెయ్యకు బేటా. బండిది తప్పేం లేదు. మంచు ఎట్లుంటదో గది చెప్పు ముందు" అన్నాడు.

ఫ్రిజ్‌లో గడ్డకట్టే మంచు గురించి చెప్పాను. ఆయనకు అది చాలలేదు. నన్ను ఎస్టీడీ బూత్‌కు తీసుకుపోయి, బావను ఆయనే అడిగాడు: పొద్దున కాలు ఎంత లోతు దిగుతుంది, మధ్యాహ్నం ఎంత దిగుతుంది, బూటుకు అంటుకుంటుందా, రాలిపోతుందా, పిడికిట్లో పిండితే ముద్దవుతుందా. జవాబులన్నీ విన్నాడు. మర్నాటి నుంచి అక్కర్లేని ఇనుమంతా విప్పి, పెద్ద ట్యాంకు తీసి చిన్నది పెట్టి, ఒక బియ్యం బస్తా బరువు తగ్గించాడు. గొలుసును తిప్పే ముందు పళ్ళచక్రం, స్ప్రాకెట్, చిన్నది వేశాడు, వేగం పోయినా నెమ్మదిగా లాగే బలం రావాలని. గాలి పలచబడే ఎత్తైన చోట ఇంజను పెట్రోలు ఎక్కువ తాగి ఉక్కిరిబిక్కిరవుతుందని కార్బురేటరులో పెట్రోలు వదిలే జెట్లు తీసి సన్నటివి వేశాడు. ఈ మనిషి హైదరాబాదు దాటి పోయింది ఒక్కసారి, అదీ గుల్బర్గాకు.

దసరా మర్నాడు, బండిని ఆటో ట్రాలీలో ఎక్కించి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు పదమన్నాడు. ఎందుకో చెప్పలేదు. పండగకు మిగిలిపోయిన బంతి, చామంతి అక్కడ నడుం లోతు కుప్పలుగా పడి ఉంటాయని మీరు చూసే ఉంటారు. ఆయన ఆ కుప్పలోకి కాలు దింపాడు, ఒక పిడికెడు తీసి పిండాడు, ముద్దయింది. "ఇసుక అయితే జారుతది, బురద అయితే పట్టుకుంటది. గీ పువ్వే ఆయన చెప్పిన మంచు లెక్కున్నది" అన్నాడు. చూడని వస్తువును అయిదు ప్రశ్నలతో పట్టుకున్నాడాయన.

బండి ఎక్కిన నేను కుప్పలో రెండు గజాలు పోయానో లేదో, వెనక పట్టా గొయ్యి తవ్వుకుంటూ కూరుకుపోయింది, పూరేకులన్నీ లేచి వెనకున్న హమాలీల నెత్తిన పడ్డాయి. "ఏంది చాచా, బండికి లగ్గం చేస్తున్నరా?" అని ఒకడంటే, పెళ్ళికొడుకు నువ్వేనా అని ఇంకొకడు నన్నడిగాడు. చాచా మాత్రం ఆ గోతి వాలును జానతో కొలుస్తూ కూర్చున్నాడు. పట్టా నేల మీద పడుకోవడం లేదు, మొన వైపు గుచ్చుతోంది, ముందు పలక కూడా ఇంత బరువుకు సన్నం. అందుకే పట్టాను వెనక్కి జరిపి బిగించడానికి కొత్త చట్రం వెల్డింగు చేశాడు. పలక వెడల్పు చేయడానికి తుప్పు పట్టని, నునుపైన రేకు కావాలన్నాడు. ఆ మాట విన్న మా బాపు, తూకం వేయకుండా గరిటె కూడా ఇవ్వని మనిషి, పెళ్ళి వంటల పెద్ద గుండిగకు పెట్టే స్టీలు దేగ్‌మూత ఒకటి తెచ్చి షెడ్డు ముందు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే మార్కెట్. ఈసారి వెనక సీటు మీద చాచాయే ఎక్కాడు, బావ టవరుకు బ్యాటరీ మోసుకుపోవాలి కదా, ఆ బరువుకు బదులు తానని. బండి కుప్ప ఎక్కింది, మధ్యలో ఒక్క క్షణం వెనక కుంగింది, నేను బ్రేకు మీదికి వేలు పోనిచ్చాను. "ఆపకు, మెల్లగ లాగు" అన్నాడు చెవిలో. లాగాను. పూల మీద చాపలాంటి వెడల్పు గుర్తు వదిలి అవతలికి దిగాం. హమాలీల్లో ఒకాయన వచ్చి ఆ గుర్తులోకి కాలు పెట్టి చూసుకున్నాడు.

బండి ఆఖరి లారీలో వెళ్ళింది. కొత్త మంచులో రెండుసార్లు కూరుకుపోయి బావ పారతో తవ్వుకోవాల్సి వచ్చిందన్నదీ నిజమే, తేలిక బండి అయితే ఆ బాధ ఉండేది కాదన్నదీ నిజమే. అయినా మూడు చలికాలాలు ఆయన దాని మీదే టవరుకు వెళ్ళివచ్చాడు, మిగిలిన ఎనిమిది వేళ్ళతోనే తిరిగి వచ్చాడు.

మేనల్లుడికి తేలికది కొనమనే చెప్పాను. వాడు నా మాట వింటూనే ఫోనులో ఏదో నొక్కాడు, పట్టా, పలక, చట్రం అన్నీ ఒకే పెట్టెలో వస్తాయట, ధర మీద బేరం లేదట. నిజానికి అది మంచిదే, నాలాంటి మూర్ఖులకు అందులో చోటుండదు. కానీ ఆ పెట్టె అమ్మేవాడు మంచు పిడికిట్లో ముద్దవుతుందా అని వాణ్ణి అడగడు. చాచా పోయి చాలా ఏళ్ళయింది, ఆ షెడ్డులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

మొత్తం ఇరవై రెండు వేల ఆరు వందల్లో తేల్చానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకు తిరిగాను. అసలు లెక్క ఇది: బండి పదహారు వేలు. ఇనుము, వెల్డింగు, విడిభాగాలు నాలుగు వేల మూడు వందలు. లారీకి పదిహేను వందలు. బాపు ఎక్కడా రాసుకోని దేగ్‌మూత తొమ్మిది వందలు. మిస్త్రీ పని చేసింది పదకొండు రోజులు, ఆ రోజుల్లో ఆయన కూలి రోజుకు రెండు వందలు, అంటే రెండు వేల రెండు వందలు. వెరసి ఇరవై నాలుగు వేల తొమ్మిది వందలు. ఆ కూలిలో ఆయన చేతిలో నేను పెట్టింది ఎనిమిది వందలు. మిగతా పద్నాలుగు వందలు కట్టింది మిస్త్రీ చాచా.