నాలుగో బుష్

అగ్గిపెట్టెలో పట్టేంత రబ్బరు ముక్క అది. ఒక పక్క జిడ్డుతో ఉబ్బి ఉంటుంది, ఇంకో పక్క పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. పదమూడేళ్లుగా దాన్ని నా పనిముట్ల పెట్టె అడుగున పాత గుడ్డలో చుట్టి దాచాను. మా ఆవిడ ఒకసారి చూసి అదేంటని అడిగితే ఎప్పుడైనా పనికొస్తుందన్నాను. ఎందుకు దాచావురా అని నన్ను నేనే అడుగుతుంటాను. పారేయొచ్చుగా? తెనాలిలో కాలవలకి కరువా? మూడు కాలవలున్న ఊరు. మూడింటి దగ్గరికీ వెళ్లాను. మూడుసార్లూ జేబులో పెట్టుకునే తిరిగొచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు ఆగుతాను? అందుకని మీకు చెబుతున్నాను. నా పేరు అక్కర్లేదు. తెనాలిలో కార్లు బాగుచేసే మేస్త్రీని, అది చాలు. ఊళ్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను. ఆయన చెయ్యి పడితే బండి మాట వింటుందని జనం అనేవాళ్లు. విని విని అది నాకు తలకెక్కింది. తలకెక్కినవాడికి తప్పు ఒప్పుకోవడం కంటే అబద్ధం చెప్పడం తేలిక. ఆ సంగతి అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు, ఏం లాభం.

అరవైల మధ్యలో మాట. మా ఊళ్లో ఒక డాక్టరమ్మగారికి పాత నల్ల కారు ఉండేది. గురువారం బాపట్ల, ఆదివారం రేపల్లె వెళ్లి రోగుల్ని చూసొచ్చేవారు. ఆ కారు తోలేవాడు నాంచారయ్య. రేపల్లె అవతల సముద్రం ఒడ్డువాడు, తాతల కాలం నుంచీ పడవ మీద బతికిన ఇల్లు. అతనికొక అలవాటుండేది. బండెక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేసేవాడు. వట్టి కాళ్లతోనే తోలేవాడు. పడవలో చుక్కాని పట్టేవాడు చెప్పులేసుకోడట. నీళ్లు ఏం చేస్తున్నాయో పాదాలకి తెలియాలట. కారుకి నీళ్లేంటయ్యా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. అతను నవ్వేవాడు తప్ప చెప్పులు మాత్రం వేసుకునేవాడు కాదు. నిజం చెప్పాలంటే, అతను ఎడమ చక్రంలో ఏదో మోగుతోందన్నాడంటే అక్కడ ఏదో ఒకటి ఉండేది. అది నాకు నచ్చేది కాదు. నేను చెప్పాల్సిన సంగతి అతని కాళ్లు ముందే చెప్పేస్తే నచ్చుతుందా?

ఆ ఏడు కారు మలుపుల్లో ఒరుగుతోందన్నాడు. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బండి ఒక పక్కకి వాలిపోకుండా పట్టేది అదే. ఆ కడ్డీని బండి అడుక్కి బిగించే నాలుగు చోట్లా రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి అరిగిపోయాయి. మద్రాసు నుంచి కొత్తవి తెప్పించాం. పార్సిలు అందిన రోజే కారు నా షెడ్డుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ రేపల్లె వెళ్లాలి. అక్కడ ఒకామెకి నెలలు నిండాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉందని కబురొచ్చింది.

మూడు బుష్‌లు మార్చాను. నాలుగోది ఎడమ పక్క చివరిది. దాని పట్టీకున్న బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టాలి. పసివాడిక్కూడా తెలిసిన పని. నేను ఆగలేదు. షెడ్డు ముందు నలుగురు కూర్చుని నా పని చూస్తున్నారు మరి. స్పానరుకి పొడుగాటి పైపు తగిలించి లాగాను. బోల్టు తల తెగి నా చేతిలోకొచ్చింది.

ఆ మొండెం తొలిచి తీయాలంటే పూట పని. బోల్టు విరిగిందమ్మా, రేపు రైల్లో వెళ్లండి, అంటే సరిపోయేది. రేపల్లెకి రైలుంది. ఆవిడ ఒక్క మాట కూడా అనేవారు కాదు. కానీ విరిగింది ఎవరి చేతిలో? నా చేతిలో. ఆ మాట నలుగురి ముందు నా నోటితో నేను చెప్పాలి. చెప్పలేదు. అరిగిన పాత బుష్‌నే మళ్లీ అక్కడ నొక్కి, పట్టీని ఇనుప తీగతో మూడు చుట్లు చుట్టి బిగించాను. కిర్రుమనకుండా గ్రీజు పట్టించాను. రబ్బరుకి గ్రీజు విషం. నాకు పని నేర్పినాయన చెప్పిన మొదటి పాఠం అది. తెలిసే పట్టించాను. ఆదివారం తిరిగొచ్చాక చూద్దాంలే అనుకున్నాను. కొత్త బుష్‌ని కాగితంలోనే ఉంచి అటక మీద పెట్టాను.

సాయంత్రం నాంచారయ్య వచ్చి కారు ఒక చుట్టు తిప్పి మళ్లీ షెడ్డు ముందు ఆపాడు. దిగలేదు. పాదాలు రెండూ తొక్కుడు పలకల మీద ఆనించి కాసేపు అలాగే కూర్చున్నాడు.

"అన్నా, కుడిపక్క కుదురుకుంది. ఎడం పక్క ఇంకా ఒరుగుతా ఉంది. నాలుగూ మార్చావా?"

"మార్చాను."

"కాళ్లకి తెలుస్తా ఉందన్నా. సరుకు ఒక పక్కకి జరిగిన పడవలాగుంది."

"నీది పడవ బుద్ధి నాంచారయ్యా. నేలమీదికొచ్చి ఎన్నేళ్లయినా ఉప్పునీళ్లు వదల్లేదు నీకు. బండిని కాళ్లతో కాదు, చేతుల్తో తోలు."

కూర్చున్న నలుగురూ నవ్వారు. అతనూ నవ్వాడు. "నువ్వు చెప్పావంటే అంతేలే అన్నా" అని వెళ్లిపోయాడు.

మార్చాను. ఒక్క మాట. ఆ ఒక్క మాటని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వెనక్కి తీసుకుందామని చూశానో మీకు చెప్పినా నమ్మరు.

మర్నాడు ఎండ ముదరకముందే కబురొచ్చింది. జంపని దాటాక మలుపులో కారు కాలవలో పడిందని. ఎవరైనా పోయారా అని నేను అడగలేదు. బండిని పరీక్ష చేయడానికి మేస్త్రి కావాలని పోలీసులే నన్ను పిలిపించారు. ఎంత విడ్డూరమో చూడండి. తప్పు చేసినవాణ్ణే తప్పెక్కడుందో వెతకమన్నారు. తెనాలి, రేపల్లెల మధ్య ఆ కారు లోపలి సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

డాక్టరమ్మ గట్టు మీద ఎవరో తెచ్చిన నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి విరిగింది. కారు మునుగుతుంటే కిటికీలోంచి ఆవిణ్ణి బయటికి లాగి ఈదుకుంటూ గట్టు చేర్చింది నాంచారయ్యే. ఆ సంగతి తర్వాత ఎవ్వరూ లెక్కలో పెట్టలేదు. రేపల్లెలో ఆ తల్లికి ఏమైందని మీరడుగుతారు. ఆ పూట రైల్లో ఇంకో డాక్టరు వెళ్లారట. తల్లి బతికింది. బిడ్డ సంగతి నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఎద్దుల్ని కట్టి కారుని గట్టుకి లాగారు. నేను బురదలో పడుకుని అడుగున దూరాను. తీగ తెగి ఉంది. పట్టీ వేలాడుతోంది. కడ్డీ జారి స్టీరింగు రాడ్డుకి అడ్డం పడి ఇరుక్కుంది. అంటే మలుపులో అతను చక్రం తిప్పాడు, అది తిరగలేదు. ఎంత బలం పెట్టి తిప్పి ఉంటాడో. ఇక్కడ మీరు నన్ను బాగా చూడండి. అప్పుడైనా బయటికొచ్చి చెప్పొచ్చు. చెప్పకపోగా నా రెండు చేతులూ వాటంతట అవే పనిచేశాయి. కడ్డీని పక్కకి తోశాయి, తెగిన తీగని బురదలోకి తొక్కాయి, పాత బుష్‌ని పీకి జేబులో వేశాయి. చుట్ట వెలిగించుకునేంతసేపు కూడా పట్టలేదు. నా చేతులు ఇంత పని చేయగలవని నాకే తెలియదు. వాటిని చూసి నేనే నిర్ఘాంతపోయాను.

బయటికొచ్చాను. హెడ్డు కానిస్టేబులు అడిగాడు. "బండిలో లోపమేం లేదండి" అన్నాను. మరెందుకు పడిందన్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "పడవవాడు కదండి. రోడ్డు మలుపు అందలేదు" అన్నాను.

నాంచారయ్య నాలుగడుగుల దూరంలో తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నా మీదికొస్తాడనుకున్నాను. నిన్న సాయంత్రం నీకు చెప్పలేదా అని అరుస్తాడనుకున్నాను. దానికి నా దగ్గర అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. అతను అరవలేదు. తల వంచి తన పాదాల వంక చూసుకున్నాడు. తర్వాత కానిస్టేబులుతో, "నాదే పొరపాటు అయ్యుంటదండి. మేస్త్రి చెప్పాడంటే అంతే" అన్నాడు.

డ్రైవరు అజాగ్రత్త అని రాసుకున్నారు. లైసెన్సు పోయింది. డాక్టరమ్మ కట్టుతోనే నన్ను ఇంటికి పిలిపించి, నిజంగా బండిలో ఏమీ లేదా అని మళ్లీ అడిగారు. అతన్ని పంపేయడం ఆవిడకి ఇష్టం లేదు. లేదమ్మా అన్నాను, రెండోసారి. తర్వాత తీరిగ్గా ఆ బోల్టు మొండెం తొలిచి తీశాను. అటక మీది కొత్త బుష్ దించి బిగించాను. కొత్త డ్రైవరొచ్చాడు. అదే మలుపులో కారు ఏమాత్రం ఒరగకుండా సాఫీగా తిరిగింది. చూశారా, బండి లక్షణంగా ఉంది, తోలేవాడిదే తప్పు అన్నారంతా. నా నాలుగో బుష్ కూడా నాంచారయ్య మీదే సాక్ష్యం చెప్పింది.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. బాపట్లలో ఒక వకీలుగారి కారు చూడటానికి వెళ్లి, తిరుగు బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా నెత్తిన చేపల బుట్టతో ఒక మగమనిషి వస్తున్నాడు. వెనక ఒకావిడ ఖాళీ చేతులతో నడుస్తోంది. పడవవాళ్లలో చేపల వేటకి వెళ్లేది మగవాళ్లు, బుట్ట ఎత్తేది ఆడవాళ్లు. మగవాడు బుట్ట ఎత్తితే వాడలో పరువుండదు. అందుకే జనం నవ్వుతున్నారు. దగ్గరికొచ్చాక చూస్తే నాంచారయ్య. కాళ్లకి చెప్పులున్నాయి.

నన్ను చూసి అతని మొహం విప్పారింది. బుట్ట దించి, "బాగున్నావా అన్నా" అన్నాడు. అత్తగారి ఊరు ఇక్కడే సముద్రం ఒడ్డునని చెప్పాడు. వేటకి వెళ్లడం లేదా అని అడిగాను. ఎందుకడిగానో.

"చుక్కాని మానేశానన్నా. నా కాళ్లు అబద్ధం చెబుతాయని ఆ రోజు తెలిసిందిగా. పడవలో ఆరుగురుంటారు, వాళ్ల పాణాలు ఎట్టా పట్టుకోమంటావు? ఒడ్డున వలలు కుట్టుకుంటన్నా. ఈవిడకి నడుం పట్టేసింది, అందుకని బుట్ట మోస్తన్నా." బుట్ట మీది గుడ్డ సర్దుతూ మళ్లీ అన్నాడు. "డాక్టరమ్మని చంపబోయాను. నువ్వు మొహమాటపడకుండా చెప్పబట్టి గానీ, లేకపోతే ఇంకా ఎంతమందిని ముంచేవాణ్ణో."

నాకు కృతజ్ఞత చెబుతున్నాడండీ. నాకు. నేను అతని కొలువు తీశాననుకున్నాను ఇన్నాళ్లూ. నేను తీసింది కొలువు కాదు. సముద్రం మీద తాతలిచ్చిన తెలివి అతని పాదాల్లో ఉంటే, దాన్ని ఒక్క మాటతో చంపేశాను. అతను ఆకులో చుట్టి రెండు చేపలు నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. బస్సొస్తే ఎక్కాను. చేబ్రోలు దాకా అవి నా ఒళ్లోనే ఉన్నాయి. అక్కడ దిగే ఒక ముసలమ్మకి ఇచ్చేశాను.

అప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? షెడ్డు పోతుందనా? పోలీసులనా? అదేం కాదు. అతను నన్ను నమ్ముతూనే ఉన్నాడు కదా, ఆ మొహం మారడం చూడలేక. ఇది దయ అని నాకు నేను చెప్పుకున్నాను కొంతకాలం. దయా గాడిదగుడ్డూ. పిరికితనం.

పోయిన వారం డాక్టరమ్మగారి డ్రైవరు వచ్చి, మేస్త్రీ, బండి కాస్త ఒరుగుతోంది అన్నాడు. అతని నోట్లోంచి మాట పూర్తికాకముందే నేను కారు కిందికి దూరాను. ఎగతాళి చేయలేదు. నాలుగు బుష్‌లూ చూశాను. కింద పడుకుని ఉండగానే తట్టింది. ఇతను చెబితే ఎందుకు నమ్మాను? ఇతను చెప్పులేసుకుని తోలతాడనా? ఇతని తాత పడవ ఎక్కలేదనా?

మా షెడ్డు ముందు నుంచే రోజూ బాపట్ల బస్సు వెళుతుంది. ఇది రాస్తుండగా కూడా ఒకటి వెళ్లింది. ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వను, నా మాట విలువ మీకిప్పుడు తెలుసు. ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాటలు మాత్రం ఇవి. ఒక్కసారైనా పూర్తిగా రాసి చూసుకోనివ్వండి.

నాంచారయ్యా, నాలుగోది మార్చలేదు. ఎడం పక్క ఒరిగిన మాట నిజం. నీ కాళ్లు అబద్ధం చెప్పలేదు.