బండనేల అని నేను పెట్టిన గుర్తు

ఎం.టెక్. చదివేటప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి మాచర్ల మ్యాపు తయారుచేశాను. ఇళ్లు ఎక్కడ, చెట్లు ఎక్కడ, ఉత్త బండనేల ఎక్కడ అని నేను గుర్తులు పెడితే, ఏ వీధిలో జనం ఎంత వేడికి గురవుతారో కంప్యూటర్ చెబుతుంది. ఆ ఎండాకాలం మునిసిపాలిటీ వాళ్లు చలివేంద్రాలు, నీడపందిళ్లు ఆ మ్యాపు చూసే పెట్టారు.

మరుసటి మే నెలలో మ్యాపు సరిచూడటానికి, దాన్ని ఫోన్లో తెరిచి పట్టుకుని, క్వారీ పక్కన బండనేల అని చూపిన చోటికి వెళ్లాను. అక్కడ వరసగా ఇళ్లున్నాయి. అన్నిటికీ నాపరాళ్ల కప్పులే. పైనుంచి చూస్తే క్వారీ బండా, ఇంటి కప్పూ ఒకే రంగు. నేను పుట్టి పెరిగిందీ అలాంటి కప్పు కిందే. అయినా గుర్తు పెట్టేటప్పుడు అవి ఇళ్లని నాకు తట్టలేదు.

ఒక పెద్దావిడ లోపలికి పిలిచి, కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. ఇల్లు పెనంలా కాలుతోంది.

"ఏందమ్మా, ఆ ఫోన్లో మా ఇల్లు కనపడతందా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా. ఇక్కడ ఎవరూ ఉండరని ఉంది."

ఆమె గోడకున్న దండ వేసిన ఫొటో వైపు చూసింది.

"నిరుడు పనికాడి నుంచి నడిచొస్తా మా ఆయన ఎండకి పడిపోయాడు. నీళ్లు, పందిరి అన్నీ పక్క బజార్లోనే పెట్టారు. మాకాడ ఎందుకు పెట్టలేదా అని చానా అనుకున్నా. ఇదా సంగతి."

ఆ గుర్తు పెట్టింది నేనేనని చెప్పలేకపోయాను.

సాయంత్రం మ్యాపు దిద్దాను. బండనేల రంగు తీసి ఇళ్ల రంగు వేయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇంకాస్త కష్టమైన పనై ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.