చెల్లి మాట కోసం మా ఇంట్లో తెలుగు బంద్

మా చిన్నప్పుడు... ఫరీదాబాద్‌లో రెండు గదుల అద్దె వాటాలో పొద్దున్నే అమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. మా చెల్లి హేమ పక్కనే బియ్యం డబ్బాకి వీపు ఆనించి కూర్చునేది. చేతులు కూర తరుగుతున్నా అమ్మ నోరు ఊరుకునేది కాదు... బెండకాయలు ముదిరిపోయాయని, పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని, నాన్న చొక్కాకి గుండీ ఊడిందని, అన్నీ హేమకే చెప్పేది.

హేమకి అప్పుడు నాలుగేళ్ళు. పిలిస్తే పలికేది కాదు, కళ్ళలోకి చూసేది కాదు, మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేది. కానీ మాటలున్నాయి దానికి! అమ్మ అన్న వాక్యాన్ని అమ్మ గొంతుతోనే అప్పజెప్పేది. ఓసారి స్టవ్ మీద పాలు పొంగితే అమ్మ "అయ్యో, పాలు పొంగిపోతున్నాయే" అంది. ఇక ఆ తర్వాత భయమేసినా, కడుపునొప్పి వచ్చినా హేమ అదే మాట అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. అమ్మ మాత్రం చేస్తున్న పని వదిలేసి పరిగెత్తుకొచ్చేది.

దాన్ని ఆటిజం అంటారని మాకెవరికీ తెలీదు. చుట్టుపక్కల ఆంటీలు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి... మొండిఘటం, పొగరు, పెంపకం లోపం. మా ఇంట్లో కూచుని, మా అమ్మ పెట్టిన టీ తాగుతూ అనేవాళ్ళు.

బళ్ళో వేసిన నెలకే మేడమ్ అమ్మానాన్నల్ని పిలిపించింది. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష, అందుకే పిల్ల బుర్ర తికమక పడుతోందట. తెలుగు ఆపేసి హిందీ ఒక్కటే మాట్లాడితే ఆరు నెలల్లో గడగడా మాట్లాడేస్తుందట. ఎవరు చెప్పారమ్మా నీకు, ఏం చదివి చెప్పావు... అని అడిగే ధైర్యం మా నాన్నకి లేదు. ట్రాక్టర్ విడిభాగాల ఫ్యాక్టరీలో పని ఆయనది. చదువుకున్నవాళ్ళు చెబితే వేదవాక్కే. ఆ సాయంత్రమే ఇంట్లో తెలుగు బంద్ అన్నారు.

అమ్మకి వచ్చిన హిందీ ఎంత? భయ్యా, కిత్‌నా, నహీ, ఠీక్ హై... కూరల బండి దగ్గరికి సరిపోయేంత. ఆ నాలుగు ముక్కలతో కన్నబిడ్డకి ఏం కబుర్లు చెబుతుంది? ఖానా ఖావో, ఇధర్ ఆవో... తిను, ఇటు రా, అంతే. కత్తిపీట ముందు ఇద్దరూ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళు.

నాన్న నన్ను కాపలా పెట్టారు. నాకు పదేళ్ళు... స్కూల్లో హిందీ దంచేస్తున్నానన్న గీర కూడా ఉండేది. అమ్మ నోట తెలుగు ముక్క వస్తే చాలు, కసిరేదాన్ని. ఒకరోజు స్నానాలగది తలుపేసి, బకెట్‌లోకి కుళాయి తిప్పి, హేమ తల రుద్దుతూ అమ్మ గుసగుసగా తెలుగులో కబుర్లు చెబుతోంది. హేమ కిలకిలా నవ్వుతోంది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. అయినా నాన్న రాగానే చెప్పేశాను.

నాన్న అమ్మ మీద అరవలేదు. "దాని నోరు నువ్వే నొక్కేస్తున్నావు, తెలుస్తోందా నీకు?" అన్నారు.

ఆ తర్వాత అమ్మ స్నానాలగదిలో కూడా మాట్లాడలేదు.

గడగడా మాట్లాడటం దేవుడెరుగు... ఆరు నెలలు తిరిగేసరికి హేమకి ఉన్న మాటలూ పోయాయి. నొప్పి వస్తే తల గోడకేసి కొట్టుకునేది. చూశారా, జబ్బు ముదిరింది అన్నారు అందరూ. జబ్బేమిటి మీ మొహం! మాట్లాడే మనిషినే లాగేసుకుంటే పిల్ల ఎవరితో మాట్లాడుతుంది?

నేను ఉద్యోగంలో చేరాక ఢిల్లీలో ఒక డాక్టరమ్మకి చూపించాం. నాన్న అప్పటికే లేరు. ఇది ఆటిజం, పెంపకం వల్ల రాదు, రెండు భాషల వల్ల అసలే రాదు, తల్లి తనకొచ్చిన భాషలో మాట్లాడటమే మంచిది అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అమ్మ నా వైపు తిరిగింది.

"అయితే అప్పుడు నేను మాట్లాడి ఉండొచ్చా?"

తెలుగు మాట్లాడితే ఆటిజం పోయేదని నేననడం లేదు. హేమ హేమలాగే ఉండేది. కానీ దానికి అమ్మ కబుర్లు ఉండేవి కదా...

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఆదివారం మా నోయిడా సొసైటీ లిఫ్ట్‌లో, తొమ్మిదో అంతస్తులో ఉండే గుంటూరు అమ్మాయి కనిపించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళ పాపకి ఆటిజం అని ఈమధ్యే తేలింది. పాపతో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడుతోంది. ఎందుకమ్మా అన్నాను.

"థెరపీ సెంటర్లో చెప్పారక్కా, ఇంట్లో ఇంగ్లీషొకటే వాడమని. తెలుగు కూడా అయితే కన్‌ఫ్యూజ్ అవుద్దంట."

ఒళ్ళు మండిపోయింది. అదే మాట! ఇన్నేళ్ళ తర్వాత, ఏసీ గదిలో కూర్చుని అదే మాట! కింద లిఫ్ట్ తలుపు తెరుచుకున్నా ఆ అమ్మాయిని దిగనివ్వలేదు, హేమ సంగతంతా చెప్పి పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టాను. సెక్యూరిటీ భయ్యా వచ్చి క్యా హువా మేడమ్ అన్నాడు. తర్వాత నాకే సిగ్గేసి ఇద్దర్నీ మా ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మా, హేమా ఇప్పుడు నా దగ్గరే ఉంటారు.

అమ్మ నాతో తెలుగులో, వాళ్ళకి టీ పెట్టనా అని అడిగింది. అటు తిరిగి హేమని హిందీలో పిలిచింది. ఆ అమ్మాయి నా వంక చూసింది. మీ అమ్మగారే ఇంకా హిందీలో ఎందుకు మాట్లాడుతున్నారక్కా అంది. డాక్టరమ్మ చెప్పి పదేళ్ళు దాటింది. నేనూ అడగని ప్రశ్న అది... అమ్మే జవాబు చెప్పింది.

"తెలుగు నోటిదాకా వస్తదమ్మా. వచ్చేసరికి, తలుపవతల ఎవరో వింటున్నట్టుంటది."

ఎవరో కాదు. నేనే.

రోజులు మారాయంటారు. ఆటిజం అన్న పేరు ఇప్పుడు అందరికీ తెలుసు, వీధికో సెంటరుంది... అమ్మల నోళ్ళు మూయించడం మాత్రం మానలేదు. మీ ఇళ్ళలోనూ ఇలా ఎవరైనా మాట మాన్పించారా? కింద రాయండి. నాలా కాపలా కాసినవాళ్ళుంటే మీరు మరీ ముఖ్యంగా రాయండి... నేను రాశాను కదా.